నేను ఎత్తేయించిన స్టాపు

పోయిన నెల మా కంపెనీ నాకు ఒకే రోజు రెండు కాగితాలు ఇచ్చింది. పొద్దున ఇచ్చిన కాగితం సమయాన్ని ఆదా చేసినందుకు అభినందన. మధ్యాహ్నం ఇచ్చింది సమయానికి రానందుకు మెమో. రెండింటి కిందా ఒకే సంతకం. ఇంతకుముందు ఈ ఘనత ఫ్యాక్టరీలో ఎవరికీ దక్కలేదని పర్సనల్ డిపార్టుమెంటు టైపిస్టు చెప్పాడు. రెండూ టైపు చేసింది అతనే కాబట్టి నమ్మాలి.

ఎలా జరిగిందో చెప్తాను. మీ టీ చల్లారేలోపల అయిపోతుంది.

మాది బళ్లారి కౌల్ బజార్. మా నాన్నకు అక్కడ అంగడి ఉంది. తాళ్లు, బొక్కెనలు, గొలుసులు, తాళంకప్పలు, ఇంకా రైతుకు పొలానికి బయల్దేరాక గుర్తొచ్చే సామాన్లన్నీ దొరుకుతాయి. తాత కూర్చున్న గద్దె మీద నాన్న కూర్చున్నాడు. నాన్న తర్వాత నేను కూర్చోవాలి. నేనేమో కూరెకుప్ప దాటాక ఉన్న పైపుల కంపెనీలో ట్రైనీగా చేరాను. హెడ్డాఫీసు బొంబాయిలో ఉన్న పెద్ద కంపెనీ. చేరే ముందు రోజు నాన్న ఒకే మాట అన్నాడు.

"ఒక సంవత్సరం చూస్తా సీనా. పర్మనెంటు చేసుకుంటే నీ దోవ నీది. చేసుకోకపోతే వచ్చి ఈ గద్దె మీద కూచో."

సరేనన్నాను. సంవత్సరం అంటే మూడు వందల అరవై అయిదు రోజులు, అందులో ఆదివారాలూ పండగలూ తీసేస్తే రెండు వందల తొంభై అయిదు. అన్ని రోజులు బుద్ధిగా ఉండలేనా అనుకున్నాను.

పెద్ద కంపెనీ సుఖాలు పెద్దవే. ఇంటి దగ్గర ఎక్కించుకుని ఇంటి దగ్గర దించే బస్సు ఉంది. రెండు జతల యూనిఫారం, తోలు బూట్లు, నెలకొక సబ్బు ఇస్తారు. గురువారం క్యాంటీనులో తీపికి కేసరిబాత్. తలనొప్పి వస్తే డాక్టరు, ఆ డాక్టరు దగ్గరికి పోవడానికి ఒక ఫారం. కష్టం కూడా ఆ ఫారంలోనే ఉంది. అంగడిలో మేకుల డబ్బా కుడి వైపు నుంచి ఎడమ వైపుకి మార్చాలని నాన్నకు తోస్తే లేచి మారుస్తాడు. మా సెక్షన్‌లో ఒక బల్లను కిటికీ దగ్గరికి జరపడానికి నాలుగు సంతకాలు కావాలి. బల్ల జరిగేటప్పటికి ఎండాకాలం వచ్చింది, మళ్ళీ వెనక్కి జరపడానికి ఇంకో ఫారం పెట్టాము.

నిజం చెప్పాలంటే నాకు ఫారాలు ఇష్టమే. వాటిలో గళ్లు ఉంటాయి. గళ్లలో అంకెలు వేయొచ్చు.

మా సెక్షన్ పేరు ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్. ఎవరు ఏ పనికి ఎంతసేపు తీసుకుంటున్నారో చూసి రాసుకోవడమే మా పని. చేరిన మొదటి రోజే స్టోర్స్‌లో సంతకం పెట్టించుకుని నా చేతిలో ఒక స్టాప్‌వాచ్ పెట్టారు. ఆ రోజు నుంచి నేను మామూలు మనిషిని కాను. క్యాంటీను క్యూ కొలిచాను. నాన్న పొట్లానికి దారం చుట్టడం కొలిచాను. అమ్మ దోసె పోసి తీయడానికి నలభై సెకన్లు. నేను పక్కన గడియారం పట్టుకుని నిలబడితే యాభై అయిదు. ఆ పదిహేను సెకన్లు నన్ను తిట్టడానికి.

క్యాంటీను గోడకు ఒక పసుపు పెట్టె ఉంది. సలహాల పెట్టె. కంపెనీకి మేలు చేసే ఆలోచన ఎవరికి వచ్చినా ఫారం మీద రాసి అందులో వేయొచ్చు. మామూలుగా అందులో సాంబారు గురించి తప్ప ఏమీ ఉండదు. కానీ సలహా కమిటీకి నచ్చితే బొంబాయి నుంచి డైరెక్టరుగారే వచ్చి బహుమతి ఇస్తారు. ఒకరోజు పర్సనల్ మేనేజర్ దేశపాండే సారు వరండాలో ఎదురై తన కన్నడం కలిసిన తెలుగులో అన్నాడు.

"నోడప్పా సీనూ, నీ ప్రొబేషన్ ఆఖరి మూడు నెలలు నడుస్తా ఉంది. ఈ మూడు నెలల్లో మూడు లేటు మార్కులు పడితే ఇంకో ఆరు నెలలు పొడిగింపు, అది రూలు. నువ్వు ఎప్పుడూ లేటు కాలేదు, సరి. ఒక మంచి సలహా కూడా ఫైలులో ఉంటే నీ ఫైలు దానంతట అదే పైకి పోతుంది."

నిజమే, పది నెలల్లో నేను ఒక్క రోజు కూడా లేటు కాలేదు. అది నా క్రమశిక్షణ అనుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ బస్సులో నాలుగు వైపులా చూశాను. సలహా దొరికింది. నేను కూర్చున్నదే సలహా.

మా జనరల్ షిఫ్టు బస్సు పొద్దున ఆరూ ముప్పావుకి పాత మిల్లు గేటు దగ్గర బయల్దేరుతుంది. అక్కడి నుంచి మెయిన్ రోడ్డు వదిలి కౌల్ బజార్ సందులోకి తిరిగి, తోపుడుబండ్లను తప్పించుకుంటూ వచ్చి ఒక చోట ఆగుతుంది. అది రెండో స్టాపు. మళ్ళీ మెయిన్ రోడ్డెక్కి రైల్వే గేటు దగ్గర ఆగుతుంది, అది మూడోది. ఆ తర్వాత ఇంకో అయిదు స్టాపులు, ఆ పైన హొస్పేట రోడ్డు. ఈ ప్రయాణంలో ఎక్కడ ఎన్ని నిమిషాలు పోతున్నాయో లెక్క కట్టి, పోగొట్టుకుంటున్న నిమిషాలను కంపెనీకి తిరిగి ఇప్పించాలి.

సర్వే అంటే సర్వేలా చేయాలి కదా. మధ్యలో ఎక్కితే మొదటి స్టాపు లెక్క తప్పిపోతుంది. కాబట్టి సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు తెల్లారకముందే లేచి, రెండు కిలోమీటర్లు నడిచి, మిల్లు గేటు దగ్గరే బస్సెక్కాను. డ్రైవరు వెనక సీటు, ఒళ్లో అట్ట, చేతిలో స్టాప్‌వాచ్.

డ్రైవరు హొన్నూరప్ప అద్దంలో నన్ను చూశాడు. అంగడివాళ్ల పిల్లవాణ్ణని నన్ను శెట్టప్ప అంటాడు.

"ఏం రాస్తాండావు శెట్టప్పా?"

"సర్వే, హొన్నూరప్పా."

"నా మీదనా?"

"మనుషుల మీద కాదు. నిమిషాల మీద."

"అట్లయితే రాసుకో," అన్నాడు.

మిల్లు గేటులో రోజూ ముగ్గురు ఎక్కారు. రైల్వే గేటులో తొమ్మిది మంది. విచిత్రమంతా రెండో స్టాపులో జరిగింది. బస్సు సందులోకి దూరి మళ్ళీ బయటికి రావడానికి ఏడు నిమిషాలు. ఆగినప్పుడు హొన్నూరప్ప దిగి, ఈరమ్మ బండి దగ్గర నిలబడి రెండు మిరపకాయ బజ్జీలు తిని, బొరుగుల ఉగ్గాని పొట్లం కట్టించుకుని, చేతులు కడుక్కుని ఎక్కడానికి నాలుగు నిమిషాలు. ఒక రోజు నాలుగుంబావు, ఆ రోజు బజ్జీలు వేడిగా ఉన్నాయి. నాకూ ఒకటి కిటికీలోంచి ఇచ్చాడు. తిన్నాను. తిన్న సమయం కూడా రాసుకున్నాను.

ఆ స్టాపులో ఎక్కినవాళ్లు ఎంతమంది? సోమవారం సున్నా. మంగళవారం సున్నా. శనివారం దాకా వరసగా ఆరు సున్నాలు. ఆ గడుల్లో సున్నాలు ముత్యాల్లాగ ఉన్నాయి.

క్యాంటీనులో కూర్చుని లెక్క వేశాను. సందులోకి పోయి రావడం, ఆగడం కలిపి పదకొండు నిమిషాలు. బస్సులో నలభై ముగ్గురు. పదకొండు ఇంటూ నలభై మూడు, నాలుగు వందల డెబ్భై మూడు. ఒక షిఫ్టుకి నిమిషాలు నాలుగు వందల ఎనభై. అంటే ఏడు నిమిషాలు తక్కువగా, ఈ స్టాపు ఎత్తేస్తే రోజుకు ఒక మనిషి ఆదా. ఆ మనిషి ఎవరో తర్వాత తేలింది.

ఫారం మూడు ప్రతుల్లో నింపాను. సలహా: ముగ్గురి కన్నా తక్కువ మంది ఎక్కే చోట బస్సు ఆపడం మానేయాలి. పట్టిక జతపరచడమైనది. స్టాపుల పేర్లు రాస్తే పక్షపాతం అనుకుంటారని నెంబర్లే వేశాను. చివర్లో ఒక గడి ఉంది: 'ఈ సలహా వల్ల ఇబ్బంది పడేవారి సంఖ్య.' అందులో సున్నా వేసి, కింద గీత కూడా గీశాను.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. రెండో స్టాపు అంటే మా ఇంటి దగ్గర స్టాపు. ఆ స్టాపు మొత్తం నలుగురిది. అందులో ముగ్గురు షిఫ్టులు మారేవాళ్లు, మొదటి షిఫ్టు పడిన వారమే ఈ బస్సు ఎక్కుతారు, ఆ వారం వాళ్లది రెండో షిఫ్టు. నాలుగోవాడు ఆ వారమంతా డ్రైవరు వెనక సీట్లో అట్ట పట్టుకుని, ఈ స్టాపులో ఎవరూ ఎక్కడం లేదేమిటా అని ఆశ్చర్యపోతున్నాడు.

రెండో నెంబరు మా స్టాపని నాకు తెలియదా అంటే, తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ అట్ట చేతిలో ఉన్నప్పుడు నేను కౌల్ బజార్ సీనుని కాను. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌ని. ఆ సెక్షన్‌కి ఇల్లు ఉండదు, బస్సు స్టాపు ఉండదు.

మా కంపెనీలో ఏ పని కావాలన్నా నెలలు పడుతుంది. ఈ ఒక్కటి తొమ్మిది రోజుల్లో అయిపోయింది. నోటీసు బోర్డు మీద సర్క్యులర్ అంటించారు. మొదటి వాక్యంలోనే నా పేరు ఉంది. అక్కడి దాకా చదివాను. అక్కడ ఆగిపోయాను. తర్వాత రెండు పేరాలు ఉన్నాయి కానీ, వెనక నుంచి ఎవరో భుజం తట్టారు, ఇంకెవరో చెయ్యి కలిపారు. క్యాంటీనులో గురువారం కాకపోయినా నాకు కేసరిబాత్ పెట్టారు.

మరుసటి రోజు పొద్దున ఎప్పటిలాగే ఒక బూటు లేసు కట్టుకోకుండా పరిగెత్తుకుంటూ స్టాపుకి వచ్చాను. బస్సు రాలేదు. ఈరమ్మ చేతిలో ఉగ్గాని పొట్లం పట్టుకుని సందు చివరికి చూస్తోంది. నేనూ చూశాను. సందు చివర మెయిన్ రోడ్డు మీద మా బస్సు తిన్నగా వెళ్లిపోయింది.

"యాల, ఈ పొద్దు ఇట్ల తిరగల్యా?" అంది ఈరమ్మ.

"కొత్త రూటు ఈరమ్మా. పదకొండు నిమిషాలు ఆదా," అన్నాను. నోరు అలవాటుగా అనేసింది, ఇంకా నిన్నటి కేసరిబాత్ మత్తులోనే ఉంది.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "అయితే నువ్వెట్ల పోతావప్పా?"

ఆ ప్రశ్న మా కమిటీలో ఒక్కరికి వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ప్రైవేటు బస్సు కోసం పరిగెత్తి, కూరెకుప్పలో దిగి, అక్కణ్ణుంచి ఒక ట్రాక్టరు మీద ఫ్యాక్టరీకి చేరాను. గేటు దగ్గర మిషన్‌లో కార్డు పెడితే 8.27 అని ఎర్ర సిరాతో పడింది. పదిన్నర నెలలుగా నల్ల సిరా తప్ప చూడని కార్డు.

మధ్యాహ్నం హొన్నూరప్ప షెడ్డు నీడలో బస్సు అద్దం తుడుస్తున్నాడు. పోయి బతిమాలుకున్నాను.

"హొన్నూరప్పా, సందులోకి రావద్దులే. సందు మొన దగ్గర రోడ్డు మీదనే ఒక్క క్షణం ఆపితే ఎక్కేస్తాను."

అతను జేబులోంచి నాలుగు మడతల సర్క్యులర్ తీసి నా చేతికిచ్చాడు.

"చదువప్పా. నాకు ఇంగ్లీషు రాదు. రెండో పేరాలో ఏమని ఉండాది?"

"రైల్వే గేటు దాకా మధ్యలో ఎక్కడా ఆపరాదు అని ఉంది."

"కింద?"

"ఆపితే డ్రైవరు మీద చర్య అని ఉంది."

"రాసింది ఎవరు?"

కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి ఇచ్చేశాను.

"పద్దెనిమిదేండ్ల సర్వీసు నాది," అన్నాడు గుడ్డ పిండుతూ. "రోజూ ఈరమ్మ బజ్జీ తిని బండి తోలినోణ్ణి, ఈ పొద్దు ఖాళీ కడుపుతో తోలినా. నువ్వు నిమిషాల మీద రాస్తాండా అంటివి. నేను మనిషినని నీకు యాడ కనబడ్తాది."

రెండో రోజు తెలివిగా రైల్వే గేటుకే నడిచాను. మా ఇంటి నుంచి కిలోమీటరున్నర, పద్నాలుగు నిమిషాలు. బస్సు అక్కడికి పాత టైము ప్రకారం ఏడుంబావుకి వస్తుంది. అందులో పదకొండు తీసేస్తే ఏడూ నాలుగు. నేను ఏడూ రెండుకి చేరాను. అక్కడ ఎవరూ లేరు. సందులో బజ్జీలు తినే పని లేకపోవడంతో హొన్నూరప్పకు కోపంతో పాటు స్పీడు కూడా పెరిగింది. ఏడింటికే వచ్చి తొమ్మిది మందినీ ఎక్కించుకుని వెళ్లిపోయాడని పక్కన బీడీల బంకాయన చెప్పాడు. కార్డు మీద రెండో ఎర్ర గీత.

ఇంకొక్కటి పడితే గద్దె.

దేశపాండే సారు గదిలోకి పోయాను. ఆయన లోపల మహా సంతోషంగా ఉన్నాడు.

"రావప్పా రా. బొంబాయికి టెలెక్స్ కొట్టినాము. డైరెక్టరుగారు వస్తున్నారు, నీకే బహుమతి."

"సార్, ఆ సలహా వెనక్కి తీసుకోవచ్చా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "యాకప్పా, ఎందుకు?"

"ఆ స్టాపు తీసేస్తే ఒక మనిషికి ఇబ్బందిగా ఉంది సార్."

"ఎవరికి?"

"నాకు సార్. అక్కడే ఎక్కుతాను."

ఆయన ఫైలు తెరిచాడు. నా పట్టిక తీశాడు. రెండో వరస మీద వేలు పెట్టి ఆరు సున్నాలూ ఒక్కొక్కటిగా చదివాడు. తర్వాత ఫారం తిప్పి, కింద గీత గీసిన సున్నా చూపించాడు.

"ఇది నీ సంతకమే కదా?"

"నాదే సార్."

"నువ్వే కొలిచినావు. నువ్వే సంతకం పెట్టినావు. ఇక్కడ ఎవరూ ఎక్కరని కమిటీ ఒప్పుకుంది, బొంబాయి ఒప్పుకుంది. ఇప్పుడు నువ్వొచ్చి నేను ఉన్నాను అంటే ఎట్లప్పా? నీ పట్టికలో నువ్వు లేవు కదా?"

"వేరే సలహా ఇస్తాను సార్. ఆ స్టాపు మళ్ళీ పెట్టాలని."

"ఇవ్వొచ్చు. కానీ ఒక సలహా ఇచ్చినవాడు దానికి వ్యతిరేకంగా సంవత్సరం దాకా ఇవ్వకూడదు, రూలు." కొంచెం జాలిపడి, "మీ స్టాపులో ఇంకెవరన్నా ఉంటే వాళ్లతో పెట్టించు," అన్నాడు.

పెట్టించబోయాను. ఆ ముగ్గురూ షిఫ్టుల వాళ్లు. రెండో షిఫ్టు బస్సూ మూడో షిఫ్టు బస్సూ సందులోకి మామూలుగానే వస్తున్నాయి. మొదటి షిఫ్టు వారం మాత్రం నడుస్తాం, నీకు చెయ్యి కలిపిన మేమే దానికి ఎదురు ఫారం ఎందుకు నింపాలి అన్నారు.

సరే. ఇక లెక్కలు మానేసి కాళ్లకు పని చెప్పాను. రోజూ ఆరున్నరకే రైల్వే గేటులో నిలబడేవాణ్ణి. ఆరు వారాలు ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు. నాన్న ఇదంతా గద్దె మీద నుంచి చూస్తున్నాడు. ఒకరోజు మాత్రం అడిగాడు.

"మీ కంపెనీ బస్సు ఇప్పుడు సందులోకి రాదేంది?"

"ఆపేశారు నాన్నా."

"ఎవరు?"

"కంపెనీ."

ఆయన తాళ్ల చుట్టలు సర్దే పనిలో పడ్డాడు. కానీ ఆ సాయంత్రం ఈరమ్మ తాడు కొనడానికి మా అంగడికి వచ్చింది. విషయం ఆయనకు ఆమె పూర్తిగా చెప్పి ఉంటుంది, నేను వెళ్లేసరికి ఇద్దరూ మాట్లాడ్డం ఆపేశారు.

బహుమతి రోజు వచ్చింది. నా ప్రొబేషన్ సంవత్సరం అయిపోవడానికి ఇంకో రెండు రోజులే ఉన్నాయి. సభ పొద్దున ఎనిమిదింబావుకి, క్యాంటీను ముందు షామియానా. ముందు రోజు సాయంత్రం దేశపాండే సారు నన్ను గదిలో గంటసేపు నిలబెట్టి రిహార్సల్ చేయించాడు. కుడి చేత్తో కరచాలనం, ఎడమ చేత్తో బహుమతి, ముఖం ఫోటో వైపు. ఆ గంటలో నోటీసు బోర్డు మీద ఏదో కొత్త కాగితం అంటించారట. నాకు తెలియదు, నేను చెయ్యి కలపడం నేర్చుకుంటున్నాను.

ఆ రోజు మాత్రం ఏ ప్రమాదమూ ఉండకూడదనుకున్నాను. హొన్నూరప్ప స్పీడుని నమ్మలేను. బస్సు పుట్టే చోటికే పోతే అది నన్ను వదిలి పోలేదు కదా. రాత్రంతా అక్కడే నిలబెట్టి ఉంటుంది. కొత్త తెల్ల చొక్కా వేసుకుని, రెండు కిలోమీటర్లు నడిచి, ఆరున్నరకి మిల్లు గేటు చేరాను.

బస్సు లేదు. ఆరూ ముప్పావు అయింది, రాలేదు. ఏడయింది. మిల్లు వాచ్‌మన్ ముసలాయన వేపపుల్ల నములుతూ నన్ను చాలాసేపు చూశాడు.

"ఎవరి కోసమప్పా?"

"కంపెనీ బస్సు, తాతా."

"ఆ బస్సు ఇంక ఈడికి రాదంట. రైల్వే గేటులోనే నిలబెడ్తారంట. హొన్నూరప్ప చెప్పి పోయినాడు."

"ఎందుకు?"

"ఏందో రూలు వచ్చిందంట నాయనా. ముగ్గురు ఎక్కాలంట. ఈడ ముగ్గురు ఉండారని ఎవరో రాసినారంట. మొన్న ఆఫీసోళ్లు వచ్చి మళ్ళీ లెక్క పెడితే ఇద్దరే ఉండారు. ఆ మూడోవాడు ఎవడో, యాడికి పోయినాడో."

ఆ మూడోవాడు తెల్ల చొక్కాలో ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. సర్వే వారమంతా మిల్లు గేటులో ఎక్కిన ముగ్గురిలో ఒకణ్ణి నేనే. నన్ను నేను లెక్క పెట్టుకోలేదని ఇన్నాళ్లూ బాధపడ్డాను. తప్పు. పెట్టుకున్నాను, వేరే స్టాపులో.

పరిగెత్తాను. ఆ వేళకి ఆటోలు లేవు. మెయిన్ రోడ్డు మీద ఖనిజం దించేసి సండూరు వైపు తిరిగి పోతున్న లారీ ఒకటి ఆపాను. క్యాబిన్‌లో అప్పటికే అయిదుగురు ఉన్నారు. "వెనక ఎక్కప్పా, ఖాళీనే," అన్నాడు డ్రైవరు. ఖాళీ లారీయే. కానీ ఇనప ఖనిజం మోసిన లారీ ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ దుమ్ము లేపుతుంది. కుడతిని దాటేసరికి నా చొక్కా తెలుపు పోయింది. ఫ్యాక్టరీ చేరేసరికి నేను పోయాను, ఎర్ర మన్ను మిగిలింది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను నన్ను గుర్తుపట్టడానికి కార్డు అడిగాడు. మిషన్ 8.24 అని ఎర్రగా కొట్టింది. నా చెయ్యీ కార్డూ ఇప్పుడు ఒకే రంగు.

"లేట్ ఎంట్రీ ఫారం నింపు," అన్నాడు.

"అన్నా, లోపల నా పేరు పిలుస్తున్నారు, వినబడుతోంది చూడు."

మైకులో నిజంగానే పిలుస్తున్నారు. రెండోసారి.

"ఫారం నింపకుండా పంపితే నా పేరు పిలుస్తారప్పా."

కారణం అనే గడిలో 'బస్సు లేదు' అని రాశాను. అతను చదివి తల అడ్డంగా ఊపాడు.

"బస్సు వచ్చి ముప్పావు గంట అయింది. ఈ మధ్య ముందే వస్తాండాది కదా. ఎవరో మీ సెక్షన్ పిల్లోడే చేసినాడంట."

వేదిక ఎక్కాను. చప్పట్లు మొదలై, నన్ను చూసి కొంచెం ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. డైరెక్టరుగారు పాలవంటి సఫారీ సూటులో ఉన్నారు. కుడి చెయ్యి చాచాను, రిహార్సల్ ప్రకారం. ఆయన అరచెయ్యి ఎర్రబడింది. ఆయన నన్ను చూసి, అరచెయ్యి చూసుకుని, మైకు ముందుకు వంగి ఇంగ్లీషులో అన్నారు.

"చూడండి, ఈ యువకుడు సన్మానం రోజు కూడా పని వదల్లేదు. నేరుగా షాపు ఫ్లోరు నుంచి వచ్చాడు."

ఈసారి చప్పట్లు బాగా పడ్డాయి. పైపుల ఫ్యాక్టరీలో ఎర్ర ఖనిజం దుమ్ము ఎక్కడిదని ఆయన అడగలేదు. బొంబాయి దూరం. దేశపాండే సారు మాత్రం చప్పట్లు కొడుతూనే చేతి గడియారం చూసుకున్నాడు.

బహుమతి ఏమిటంటే ఒక గోడ గడియారం.

మధ్యాహ్నం దేశపాండే సారు గదికి పిలిచాడు. మెమో బల్ల మీద ఉంది, కింద పొద్దుటి అభినందన కాగితం మీదున్న సంతకమే. మూడు లేటు మార్కులు, ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగింపు.

"నోడప్పా సీనూ," అన్నాడు, నిజంగానే బాధగా. "పొద్దున నీకు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. కానీ ఆ ఫైలు వేరే, ఈ ఫైలు వేరే. ఆ ఫైలులో నువ్వు బంగారం."

"ఈ రెండు ఫైళ్లూ ఒక చోట పెట్టి చూడొచ్చు కదా సార్?"

"పెట్టొచ్చు," అన్నాడు. "దానికొక ఫారం ఉంది."

సాయంత్రం అంగడికి పోయి గడియారం నాన్న ముందు పెట్టాను. పొద్దున జరిగినవన్నీ చెప్పాను. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు, ముఖం నిండా ఎర్రగా ఉంది.

"మాట మాటే నాన్నా. ఆరు నెలలు పెంచారు, పర్మనెంటు కాలేదు. గద్దె మీద కూచోమంటే రేపటి నుంచి కూచుంటాను."

నాన్న బొక్కెనకు తాడు కడుతున్నాడు. ముడి బిగించి, గడియారం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎల్లుండి అమావాస్య. మన అంగడికి ఎంతమంది వస్తారు?"

"అమావాస్యకి ఎవరూ రారు కదా."

"ఆ పొద్దు నువ్వు ఈ గద్దె మీద కూచుంటే ఏం చేస్తావు?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"లెక్క పెడ్తావు. సున్నా వస్తాది. అంగడికి తాళం వేయిస్తావు. తాళం కూడా మనదే, బయట కొనే పని ల్యా." గడియారాన్ని గద్దె పైన మేకుకి తగిలించాడు. "నువ్వు ఆడనే ఉండు సీనా. వాళ్లది పెద్ద కంపెనీ, నిన్ను తట్టుకుంటాది. మనది చిన్న అంగడి."

అలా నా ఉద్యోగం నిలిచింది.

ఈరమ్మ తాడు ఎందుకు కొన్నదో తర్వాత వారం తెలిసింది. బండికి సామాను కట్టుకుని రైల్వే గేటుకి మారిపోయింది. హొన్నూరప్పే పిలిపించాడట. ఇప్పుడు బస్సు అక్కడ ఆగగానే దిగేది అతనొక్కడే కాదు, సగం బస్సు దిగుతుంది. కొందరు బజ్జీలకు, కొందరు ఉగ్గానికి, ఇద్దరు ఊరికే నిలబడ్డానికి. ఎన్ని నిమిషాలు ఆగుతుందని మాత్రం నన్ను అడక్కండి. స్టాప్‌వాచ్ స్టోర్స్‌లో వాపసు ఇచ్చేశాను, దానికీ ఒక ఫారం నింపాను. నాకు తెలిసిందల్లా, ఇంట్లో కొంచెం ఆలస్యంగా బయల్దేరినా, ఒక బూటు లేసు కట్టుకోకుండా పరిగెత్తుకుంటూ పోయినా, బస్సు అక్కడే ఉంటోంది.